'తూ ద్రువా' అంటే కుడివైపు కాదు: ఫ్రెంచిలో దారి చెప్పే మాటలు పట్టుబడాలంటే

మీ ప్రశ్న చదివాను. సెప్టెంబర్‌లో లియోన్‌లో మాస్టర్స్‌కి చేరుతున్నారు, ఫ్రెంచి మొదటి మెట్టు పూర్తయింది, పైన, కింద, పక్కన, కుడి, ఎడమ లాంటి మాటలు పాతిక దాకా బట్టీ పట్టారు. అయినా ఆడియోలో ఎవరైనా దారి చెబితే ఒక్క ముక్క అర్థం కావట్లేదు, మీరే చెప్పబోతే ఎక్కడ 'ద' పెట్టాలో ఎక్కడ తీసెయ్యాలో తెలియట్లేదు. ఇదే కదా సమస్య.

లియోన్‌లో పదకొండేళ్ళు ఉండి వచ్చాను, ఇప్పుడు ఆరేళ్ళుగా హైదరాబాద్‌లో సాయంత్రాలు కొత్తవాళ్ళకి ఫ్రెంచి చెబుతున్నాను. మీరు రాసిందే ప్రతి బ్యాచ్‌లో సగం మంది చెప్తారు కాబట్టి టెన్షన్ పడాల్సిన పనేం లేదు. మీ పాతిక మాటల లిస్టు నేను చూడకుండానే చెప్పగలను, అందులో ఎడమ పక్క ఫ్రెంచి, కుడి పక్క ఇంగ్లీషు ఉంటుంది. ముందు ఆ కుడి పక్కది కొట్టేసి తెలుగు రాయండి. భాషాభిమానంతో చెప్తున్న మాట కాదు. దిక్కులు, చోట్ల విషయంలో ఇంగ్లీషు మీదుగా వెళ్తే తప్పులు ఎక్కువ దొర్లుతాయి, తెలుగు నుంచి నేరుగా వెళ్తే సగం తప్పులు అసలు రావు.

బస్సు సంగతే చూడండి. ఇంగ్లీషులో 'ఆన్ ద బస్' అని అలవాటైపోయిన పిల్లలు ఫ్రెంచిలో 'స్యూర్ ల బ్యూస్' అంటారు. ఫ్రెంచి వాడికి అది వినపడేది బస్సు టాపు మీద కూర్చున్నట్టు. తెలుగులో మనం బస్సులో, రైల్లో, విమానంలో అంటాం కదా, ఫ్రెంచిలోనూ అంతే, 'దాఁ ల బ్యూస్'. 'దాఁ' అంటే మన 'లో'. వీధిలో కూడా 'దాఁ లా ర్యూ'. 'ర్యూ' అనే మాట పుదుచ్చేరి వెళ్ళి ఉంటే సముద్రం వైపు వీధుల్లో నీలం బోర్డుల మీద చూసే ఉంటారు.

ఇంకోటి, ఇంగ్లీషులో 'ఇన్ ఫ్రంట్ ఆఫ్' అనే ఒక్క మాటతో మన పిల్లలు రెండు పనులు చేయిస్తారు, స్టేషను ముందు అన్నా, స్టేషనుకి ఎదురుగా అన్నా అదే. తెలుగులో ఈ రెంటికీ తేడా మీకు పుట్టుకతోనే తెలుసు. స్టేషను ముందు నిలబడ్డాను అంటే గుమ్మం దగ్గర, స్టేషనుకి ఎదురుగా అంటే రోడ్డుకి అవతల. ఫ్రెంచిలో మొదటిది 'దవాఁ లా గార్', రెండోది 'ఆఁ ఫాస్ ద లా గార్'. 'ఫాస్' అంటే ముఖం, ముఖాముఖి అనుకోండి, ఇక మర్చిపోరు. ఎవరినైనా కలవడానికి రమ్మన్నప్పుడు ఈ తేడా తెలియకపోతే ఇద్దరూ రోడ్డుకి చెరో పక్క నిలబడి ఫోన్లు చేసుకుంటూ ఉంటారు.

నేను మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరూ అలాగే రాసుకోండి. ముక్కుతో పలికే ఫ్రెంచి శబ్దాలకి మన అరసున్న బాగా పనికొస్తుంది. 'దాఁ' అని రాసినచోట 'దాన్' అనకండి, చివర నాలుక పళ్ళకి తగలకూడదు, గాలి ముక్కులోకి పోవాలి. చిన్నప్పుడు తెలుగు మాస్టారు అరసున్నలు పెట్టకపోతే మార్కులు కోసేవారు, దాని ఉపయోగమేంటో నాకు ఫ్రాన్స్‌లో తెలిసింది.

ఇప్పుడు అసలు గొడవ, ద్రువా, ద్రువాత్. 'ఆ ద్రువాత్' అంటే కుడివైపు, 'తూ ద్రువా' అంటే నేరుగా. మన హైదరాబాద్ ఆటోవాళ్ళు 'సీదా' అంటారే, అదే. రాసేటప్పుడు రెంటికీ చివర ఒక్క అక్షరమే తేడా. ఫ్రెంచిలో మాట చివర ఉన్న హల్లుని చాలాసార్లు మింగేస్తారు, దాని తర్వాత 'ఇ' (e) అనే అక్షరం ఉంటే ఆ హల్లు బయటికొస్తుంది, 'ఇ' మాత్రం పలకదు. అందుకే 'త్' వినపడితే కుడి, వినపడకపోతే నేరు. చెప్పడానికి ఇంతే. రోడ్డు మీద, ట్రాఫిక్ చప్పుడులో, గబగబా మాట్లాడే పెద్దాయన నోట్లోంచి ఆ పొల్లు 'త్' వినపడుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

నేను వెళ్ళిన మొదటి వారంలో బెల్‌కూర్ అనే పెద్ద చౌక్ దగ్గర ఒకాయన్ని ఒక ఆఫీసుకి దారి అడిగాను. ఆయన చాలా మర్యాదగా, గియోతియేర్ వంతెన దాటి 'తూ ద్రువా' అన్నాడు. నా చెవికి 'ద్రువా' ఒక్కటే పడింది. వంతెన దాటగానే కుడికి తిరిగి నది గట్టు వెంబడి నడిచాను, ఒక పక్క రోన్ నది, ఇంకో పక్క యూనివర్సిటీ పాత భవనాలు, చూడ్డానికి బాగానే ఉంది. అలా అరగంట నడిచాను, వేరే వంతెనలు వచ్చాయి గానీ ఆఫీసు రాలేదు. వెనక్కొచ్చి చూస్తే వంతెన దిగిన చోటు నుంచి ఎదురుగా ఉన్న రోడ్డులో పది నిమిషాల దూరం. అప్పటికి మూసేశారు.

ఆ తర్వాత నేను పట్టుకున్న చిట్కా ఇది. చివర 'త్' కోసం వినకండి, ముందు ఏముందో వినండి. 'తూ' వినపడిందా, నేరుగా పోవాలి. 'ఆ' వినపడిందా, తిరగాలి. ఇంకా ముందుకి పోతే క్రియ ఉంటుంది. 'కోఁతినుయే' అంటే అలాగే సాగండి అని, దాని వెనక వచ్చేది దాదాపు ఎప్పుడూ 'తూ ద్రువా'నే. 'తూర్నే' అంటే తిరగండి, 'ప్రనే' అంటే తీసుకోండి, వీటి వెనక గోష్ గానీ ద్రువాత్ గానీ వస్తుంది. గోష్ అంటే ఎడమ, దాంతో ఏ తంటా లేదు.

దారి చెబితే అర్థం కావట్లేదన్నారు చూడండి, దానికి అసలు కారణం ఇక్కడే ఉందని నా అనుమానం. తెలుగులో క్రియ చివర వస్తుంది. 'సిగ్నల్ దాకా సీదా వెళ్ళి, కుడివైపు రెండో వీధిలోకి తిరగండి' అంటే మన చెవి ఆ 'వెళ్ళి', 'తిరగండి' కోసం చివరిదాకా ఆగుతుంది, అంతలో మిగతావి సర్దుకుంటుంది. ఫ్రెంచిలో క్రియ మొదట్లోనే వచ్చి వెళ్ళిపోతుంది. మీరు చెవి తెరిచేసరికే అసలు పని చెప్పేశారు, మీకు దొరికేది వీధి పేరు, మందుల షాపు. మాటకి కూడా అదే వరస, మనం 'బల్ల మీద' అంటాం, వాళ్ళు 'మీద బల్ల' అంటారు, 'స్యూర్ లా తాబ్ల్'. కాబట్టి ఎవరైనా నోరు తెరవగానే మొదటి మాట మీద దృష్టి పెట్టండి. ఒకటి వింటూ చూడండి:

'వు కోఁతినుయే తూ ద్రువా జ్యుస్కో ఫ, వు ప్రనే లా దజియెమ్ ర్యూ ఆ ద్రువాత్, ఎ సెతో బూ, ఆఁ ఫాస్ ద లా ఫార్మసీ.'

'ఫ' అంటే సిగ్నల్ లైటు, అసలు అర్థం నిప్పు. పెదాలు గుండ్రంగా చుట్టి 'ఫ' అనాలి. 'జ్యుస్కో ఫ' సిగ్నల్ దాకా. 'సెతో బూ' చివర్లో ఉంది. మొత్తం కలిపితే, సిగ్నల్ దాకా సీదా పోయి, కుడివైపు రెండో వీధి పట్టుకోండి, చివర్లోనే, మందుల షాపుకి ఎదురుగా. దీన్ని ఇరవైసార్లు పైకి చదివి, తర్వాత వీధుల సంఖ్య, దిక్కు, షాపు మార్చుకుంటూ పోండి. పాతిక విడి మాటల కంటే ఈ ఒక్క వాక్యం మీకు ఎక్కువ అక్కరకొస్తుంది.

చెవితో వచ్చే ఇంకో చిక్కు దస్యూ, దసూ. మొదటిది పైన, రెండోది కింద. అవును, పూర్తిగా వ్యతిరేకమైన రెండు మాటలకి తేడా ఒక్క అచ్చు. కింద అనే దానిలో ఉన్నది మన 'ఊ'నే, హాయిగా పలకొచ్చు. పైన అనే దానిలో ఉన్నది తెలుగులో లేదు. 'ఈ' అని పలుకుతూ, నాలుక కదపకుండా పెదాలు మాత్రం 'ఊ'కి చుట్టినట్టు చుట్టండి, వచ్చేది అదే. నేను 'స్యూ' అని రాస్తున్నది అక్షరం లేక, అందులో 'య' వినపడకూడదు. 'స్యూర్' అంటే మీద, 'సూ' అంటే కింద, వీటికీ ఇదే తేడా.

మూడో అంతస్తులో ఉండేవాణ్ణి. ఒక ఆదివారం బాత్రూమ్ సీలింగ్ నుంచి నీళ్ళు కారడం మొదలైంది. బిల్డింగ్ చూసుకునే ఆయనకి ఫోన్ చేసి, పై పోర్షన్ వాళ్ళ ఇంట్లోంచి నీళ్ళొస్తున్నాయి అని చెప్పబోయాను, పై ఇంటివాణ్ణి 'ల వ్వాజేఁ ద్యూ దస్యూ' అనాలి, నా నోట్లోంచి 'దసూ' వచ్చింది. ప్లంబర్ వచ్చి, రెండో అంతస్తులో ఉన్న ముసలావిడ తలుపు కొట్టి, ఆవిడ బాత్రూమ్ అంతా వెతికి, ఏమీ లేదు మేడం అని వెళ్ళిపోబోతుంటే మెట్ల మీద నేను పట్టుకున్నాను. ఆవిడ ఆ తర్వాత నన్ను ఎప్పుడు చూసినా వేలు ముందు పైకి, తర్వాత కిందికి చూపించి, ఏది నాయనా అన్నట్టు కనుబొమలు ఎగరేసేది. నిజానికి అదే సరైన వైద్యం. ఈ రెండు మాటలూ చేత్తో చూపించకుండా ఒక ఏడాది దాకా వాడొద్దు.

'ద' సంగతికి వద్దాం. మీ పుస్తకంలో పెద్ద పట్టిక ఇచ్చి ఉంటారు, పక్కన పెట్టండి. తెలుగులో 'ఇల్లు పక్కన' అనం, 'ఇంటి పక్కన' అంటాం. ఆ 'ఇంటి'లో 'టి' చేస్తున్న పనే ఫ్రెంచిలో 'ద' చేస్తుంది, ఇంటికీ పక్కకీ ముడి వేస్తుంది. పక్క అనేది నామవాచకం కాబట్టి దేని పక్క అని చెప్పాలి. ఫ్రెంచిలో 'కోతే' అంటే పక్క, 'బూ' అంటే చివర, 'క్వేఁ' అంటే మూల, 'ఫోఁ' అంటే అడుగు లేదా లోపలి కొస, 'ఫాస్' అంటే ముఖం. ఇలాంటి నామవాచకం లోపల దాక్కుని ఉన్న మాటలకల్లా వెనక 'ద' వస్తుంది. గుర్తుపట్టడం తేలికే, అవి ముందు 'ఆ' గానీ 'ఓ' గానీ 'ఆఁ' గానీ తగిలించుకుని వస్తాయి. ఆ కోతే ద, ఆ గోష్ ద, ఓ బూ ద, ఓ క్వేఁ ద, ఓ ఫోఁ ద, ఓ మిలియ ద, ఓ దస్యూ ద, ఆఁ ఫాస్ ద. పొట్టి ఒంటి మాటలకి ఆ తోక ఉండదు: స్యూర్, సూ, దాఁ, దవాఁ, దెరియేర్, ఆఁత్ర్, వేర్. దగ్గర, దూరం మాత్రం ఒంటి మాటలే అయినా తోక కోరతాయి, 'ప్రె ద', 'ల్వేఁ ద'. 'ఆ త్రవేర్' అని ఒకటుంది, గుండా అని అర్థం, ముందు 'ఆ' ఉన్నా దానికి 'ద' అక్కర్లేదు. ఈ మూడు తేడాలు గుర్తుంటే మీ స్థాయికి చాలు.

'ద' వెనక పుంలింగపు 'ల' వస్తే రెండూ కలిసి 'ద్యూ' అయిపోతాయి. సినిమా హాలు పక్కన 'ఆ కోతే ద్యూ సినెమా', బ్యాంకు పక్కన 'ఆ కోతే ద లా బాఁక్', ఆసుపత్రి పక్కన 'ఆ కోతే ద లొపితాల్'. అలాగే 'ఆ', 'ల' కలిస్తే 'ఓ', పైన 'జ్యుస్కో ఫ'లో జరిగింది అదే. ఇక్కడ అందరూ అడిగేది, బ్యాంకు ఆడదో మగదో ఎలా తెలుస్తుంది అని. తెలియదు, నేర్చుకోవాలి, అడ్డదారి లేదు. కాకపోతే దారి చెప్పడానికి పదిహేను చోట్లు చాలు. స్టేషన్, పోస్టాఫీసు, బ్యాంకు, మందుల షాపు, టౌన్ హాలు, చౌక్, వీధి ఇవన్నీ 'లా'. వంతెన, సిగ్నల్, పార్కు, సూపర్ మార్కెట్, మెట్రో, రౌండ్ అబౌట్ ఇవన్నీ 'ల'. నాలుగు రోడ్ల కూడలి కూడా 'ల', దాని పేరు 'కార్ఫూర్', ఆ పేరుతో ఉన్న సూపర్ మార్కెట్లు మీరు ఊరంతా చూస్తారు.

తెలుగు అన్నిచోట్లా గట్టెక్కించదు, అది కూడా చెప్పాలి. మనకి 'ముందు' ఒక్కటే. ఇంటి ముందు, పరీక్షకి ముందు. ఫ్రెంచిలో చోటుకి 'దవాఁ', కాలానికి 'అవాఁ'. సిగ్నల్ రాకముందే తిరగాలి అంటే అది వరసలో ముందు కాబట్టి 'అవాఁ ల ఫ'. మనకి 'పైన' కూడా ఒకటే, పుస్తకం బల్ల పైన, ఫ్యాను బల్ల పైన. ఫ్రెంచిలో తగిలి ఉంటే 'స్యూర్', తగలకుండా గాల్లో ఉంటే 'ఓ దస్యూ ద'. తెలుగులో కూడా ఫ్యాను బల్ల మీద ఉంది అంటే ఊడదీసి పెట్టారు అనే కదా అర్థం, కాబట్టి 'మీద'ని స్యూర్‌కి కట్టేసుకోండి, 'పైన'ని నమ్మకండి.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతీసేది మన 'కి'. లియోన్‌కి, ఫ్రాన్స్‌కి, డాక్టర్ దగ్గరికి, అన్నిటికీ అదే. ఫ్రెంచిలో ఊరికి 'ఆ', స్త్రీలింగ దేశానికి 'ఆఁ', పుంలింగ దేశానికి 'ఓ'. ఆ లియోన్, ఆఁ ఫ్రాఁస్, ఓ కనదా. మన దేశం స్త్రీలింగమే, 'ఆఁనేఁద్'. ఇక మనుషుల దగ్గరికి వెళ్తే 'షే'. ఇది నాకు ఫ్రెంచిలో చాలా ఇష్టమైన మాట, ఇంగ్లీషులో దీనికి సరిజోడు లేదు గానీ తెలుగు వాడికి చిటికెలో అర్థమవుతుంది. 'షే మువా' అంటే మా ఇంట్లో, మా ఇంటికి, రెండూ. 'షే ల దాఁతిస్త్' డెంటిస్టు దగ్గరికి. 'షే నూ' అంటే మా ఇంట్లో అని ఒక అర్థం, ఇంకా పెద్దది చేస్తే మా వైపు, మావాళ్ళలో అని. గోదావరి జిల్లా మనిషి 'మా వైపు పులస అంటే ప్రాణం అండి' అన్నప్పుడు ఆ 'మా వైపు' అచ్చంగా 'షే నూ'. మనుషులకే వాడాలి, బ్యాంకుకి వాడితే నవ్వుతారు.

ఇందాకటి స్త్రీలింగపు 'లా' కాదు, చోటు చెప్పే 'లా' ఇంకోటుంది, దాని గురించి ఒక్క ముక్క. పుస్తకం దాన్ని 'అక్కడ' అంటుంది. ఫోన్లో మీ ఫ్రెండు 'జ సుయి లా' అంటే అక్కడున్నాను అని కాదు, వచ్చేశాను, ఇక్కడే ఉన్నాను అని. దూరంగా అక్కడ అనాలంటే 'లా బా'.

ఇప్పుడు లియోన్‌లో మీకు తగలబోయేవి. ఊళ్ళోంచి రెండు నదులు పారతాయి, రోన్, సోన్. 'ఆఁత్ర్ ల రోన్ ఎ లా సోన్', రోన్‌కీ సోన్‌కీ మధ్య, ఆ నడిమి ముక్కని ప్రెస్కీల్ అంటారు, దాదాపు ద్వీపం అని. ఊళ్ళో ఎవరైనా 'రీవ్ గోష్', ఎడమ గట్టు, అంటే ఫోన్లో మ్యాప్ తీసి ఎడమ పక్క వెతక్కండి. రోన్ ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది, ఎడమ గట్టు మ్యాప్‌లో కుడి పక్క ఉంటుంది. మీరు దిగే పార్-దియ స్టేషన్ ఆ గట్టునే. నీళ్ళు పోయే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపు ఉన్నది ఎడమ గట్టు, మనకి ఇది కొత్తేం కాదు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ, కుడి కాలువ అన్నది కూడా ఇదే లెక్కన. నల్గొండ, ఖమ్మం వైపు పోయేది ఎడమది, గుంటూరు, ప్రకాశం వైపు పోయేది కుడిది. మా క్లాసులో గుంటూరు పిల్లలు దీన్ని అరనిమిషంలో పట్టేస్తారు.

విమానాశ్రయం నుంచి ట్రామ్‌లో వస్తే మిమ్మల్ని పార్-దియ స్టేషన్‌కి విల్లెత్ వైపు దింపుతుంది. మెట్రో ఉండేది ఆ స్టేషన్‌కి రెండో వైపు. సూట్‌కేసులు లాక్కుంటూ 'ద లోత్ర్ కోతే' అని అడగండి, అవతలి వైపు అని. మెట్రోలో దిక్కులు ఉత్తరం, దక్షిణం అని ఉండవు, చివరి స్టేషన్ పేరుతో ఉంటాయి. బెల్‌కూర్‌లో 'A' లైన్ ఎక్కాలంటే ఒక ప్లాట్‌ఫామ్ మీద 'దిరెక్సియోఁ పెరాష్', ఇంకో దాని మీద వో-ఆఁ-వలేఁ అని ఉంటుంది. మీరు దిగాల్సిన స్టేషన్ పేరు కాదు, చివరిదాని పేరు తెలుసుకుని ఉండాలి. ఇంకో తమాషా, ఫ్రాన్స్‌లో కార్లు కుడివైపు నడుస్తాయి కదా, లియోన్ మెట్రో మాత్రం ఎడమ వైపు నడుస్తుంది. మన అలవాటుకి మెట్రోయే సరిపోతుంది, రోడ్డు దాటేటప్పుడు మాత్రం ముందు ఎడమకి చూడండి.

అంతస్తుల లెక్క మనదే, కింది అంతస్తు వేరు, దాని పైది మొదటిది. లిఫ్ట్‌లో సున్నా గానీ ఆర్‌డీసీ గానీ ఉంటే అది కింది అంతస్తు, 'రేద్‌షోసే'. సెల్లార్‌ని 'సూ సోల్' అంటారు, నేల కింద.

యూనివర్సిటీలో 'ఫాకుల్తే ద ద్రువా' అనే బోర్డు కనపడితే అది సీదా పోయే కాలేజీ కాదు, లా కాలేజీ. 'ద్రువా' అంటే చట్టం, హక్కు కూడా.

ప్రాక్టీసుకి రెండే పనులు చెప్తాను. ఈరోజే ఫోన్లో మ్యాప్స్ గొంతుని ఫ్రెంచిలోకి మార్చండి, ఇంటి నుంచి అమీర్‌పేటకో దిల్‌సుఖ్‌నగర్‌కో వెళ్తున్నా సరే, తెలిసిన దారికే పెట్టండి. దారి మీకు ముందే తెలుసు కాబట్టి ఆ గొంతు ఏమంటుందో అర్థం దానంతటదే అంటుకుంటుంది. 'దాఁ ద సాఁ మెత్ర్, తూర్నే ఆ గోష్', రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకి. ఇక్కడ 'దాఁ' అంటే లోపల కాదు, తర్వాత. మీరు మలుపు తప్పితే 'ఫెత్ దమి తూర్' అంటుంది, వెనక్కి తిప్పు అని, మన రోడ్ల మీద ఈ మాట త్వరగానే వచ్చేస్తుంది. బండి మీరు నడపకండి, వెనక కూర్చుని వినండి.

రెండోది వంటింట్లో. అమ్మ ఉప్పెక్కడరా అని అడిగినప్పుడల్లా మనసులో ఫ్రెంచిలో చెప్పండి, పంచదారకీ చింతపండుకీ మధ్య, బియ్యం డబ్బా వెనక, ఫ్రిజ్ మీద. వస్తువుల పేర్లు ఫ్రెంచిలో రాకపోతే తెలుగు పేర్లే పెట్టుకోండి, 'దెరియేర్ ల బియ్యం డబ్బా' అనుకున్నా తప్పు లేదు, మనకి కావాల్సింది ఆ ముందు మాట నోటికి అలవాటు కావడం.

అక్కడికి వెళ్ళాక దారి అడిగినప్పుడు, ఎదుటివాళ్ళు చెప్పింది మొత్తం అర్థమైనట్టు తలూపి 'మెర్సీ' అనేసి పారిపోకండి, మనందరికీ ఉన్న జబ్బు అది. విన్నదాన్ని తిరిగి చెప్పండి, చేత్తో చూపిస్తూ, 'దోఁక్ తూ ద్రువా, ఎ ఆప్రె ఆ గోష్?' అంటే సీదా పోయి తర్వాత ఎడమకి కదా అని. తప్పైతే వాళ్ళే మీ చెయ్యి పట్టుకుని తిప్పుతారు, లియోన్‌లో నాకు రెండుసార్లు అలా జరిగింది.

మొదటి రోజుల్లో మీ క్లాసువాళ్ళు సాయంత్రం కలుద్దాం అని 'సూ లా క ద్యూ షవాల్' అంటే కంగారు పడకండి. గుర్రం తోక కింద అని. బెల్‌కూర్ చౌక్ మధ్యలో పద్నాలుగో లూయీ గుర్రం మీద ఉన్న విగ్రహం ఉంది, ఊళ్ళో వాళ్ళు దశాబ్దాలుగా కలుసుకునే చోటు అదే. 'క' అంటే తోక, మనం రేషన్ షాపు ముందు నిలబడే క్యూ కూడా ఆ తోకే, ఇంగ్లీషు వాళ్ళ ద్వారా మన దాకా వచ్చింది. 'దవాఁ' అనలేదు, 'సూ' అన్నారు కాబట్టి గుర్రం తల వైపు కాకుండా వెనక వైపు వెళ్ళి నిలబడండి.